ఫొటోగ్రఫీ ప్రవేశ పరీక్ష: గొప్ప ఫొటోగ్రాఫర్లను నేను చదివిన తీరు

ఫొటోగ్రఫీ కోర్సులకు సిద్ధమవుతున్న మిత్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఎంతమంది ఫొటోగ్రాఫర్ల గురించి చదవాలి? కొద్దిమందినే చదవండి, కానీ వాళ్ల ఫొటోల ముందు గంటల తరబడి కూర్చోండి. నేను చెప్పగలిగింది ఇదే.

నేను గాంధీనగర్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఎం.డిజైన్ ఫొటోగ్రఫీ డిజైన్ ప్రవేశ పరీక్ష కోసం చదివాను. ప్రిలిమ్స్ రాతపరీక్ష, ఆ తర్వాత మెయిన్స్‌లో స్టూడియో టెస్ట్, ఇంటర్వ్యూ ఉంటాయి. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీకి రాసేవారికి కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. పుట్టిన సంవత్సరాలు, అవార్డులు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. మిగతా సమయమంతా ప్రతి ఫొటోనూ ఒకే విషయం అడిగాను: ఈ మనిషి దీన్ని ఇలాగే ఎందుకు తీయవలసి వచ్చింది? చేతిలో ఏ కెమెరా ఉంది, వెలుగు ఎటు నుంచి పడుతోంది, ఎంత వ్యవధి దొరికింది, ఆ పనికి డబ్బు ఇచ్చింది ఎవరు? శైలి అని మనం పేరు పెట్టేదాంట్లో సగం ఈ జవాబుల్లోనే ఉంటుందని నా గట్టి నమ్మకం.

ప్రకృతి దృశ్యాలు తీసిన అమెరికన్ ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్‌ను తీసుకోండి. అందరి నోట్సులోనూ 'జోన్ సిస్టమ్: నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 10 వరకు 11 మెట్లు' అనే వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో జవాబు నిలబడదు. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామం దగ్గర ఆయన తీసిన చంద్రోదయం ఫొటోను ముందు పెట్టుకుని లెక్క కట్టండి. సాయంత్రం కారులో వెళుతుంటే ఆకాశంలో చంద్రుడు కనిపించాడు, కింద శ్మశానంలోని శిలువల మీద చివరి ఎండ ఉంది. 8×10 అంగుళాల పెద్ద కెమెరా హడావిడిగా బిగించారు కానీ లైట్ మీటర్ దొరకలేదు. చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ అని మాత్రం గుర్తుంది. చంద్రుణ్ణి 7వ జోన్‌లో ఉంచాలనుకున్నారు. మధ్యస్థ బూడిదరంగు 5వ జోన్. తేడా రెండు స్టాపులు (ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం), కాబట్టి 250ని 4తో భాగిస్తే సుమారు 60. ఫిల్మ్ వేగం, అంటే వెలుగుకు అది స్పందించే తీరు, 64; దాని వర్గమూలం 8. ఆయన సూత్రం ప్రకారం ఆ వర్గమూలమే ఎఫ్ సంఖ్య (లెన్సు రంధ్రం కొలత) అయితే, 5వ జోన్‌లోని క్యాండిల్స్ సంఖ్య ఎంతో షట్టర్ సెకనులో అన్నో వంతు. అందువల్ల ఎఫ్/8 దగ్గర షట్టర్ సెకనులో 60వ వంతు. పసుపు ఫిల్టర్‌కు మూడు రెట్లు ఎక్కువ సమయం కావాలి, అంటే 20వ వంతు. లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 నుంచి ఎఫ్/32కు చిన్నది చేస్తే మరో నాలుగు స్టాపులు, 16 రెట్లు సమయం. మొత్తం దాదాపు ఒక సెకను. ఆయన ఇచ్చిన ఎక్స్‌పోజర్ సరిగ్గా అదే. రెండో షాట్‌కు సిద్ధమయ్యేలోపు శిలువల మీద ఎండ జారిపోయింది.

ఈ లెక్కను సొంతంగా వేసి చూసినవారికి అపర్చర్, షట్టర్, ఫిల్టర్ల మీద ఏ ప్రశ్న వచ్చినా తడబాటు ఉండదు. దీనికి కొనసాగింపు డార్క్‌రూమ్‌లో, అంటే ప్రింట్లు వేసే చీకటి గదిలో ఉంది. ఆ ఒక్క నెగటివ్ నుంచి ఆడమ్స్ దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూ వచ్చారు. తొలినాటి ప్రింట్లలో ఆకాశంలో పలచటి మబ్బులు కనిపిస్తాయి, తర్వాతి ప్రింట్లలో ఆకాశం ఇంచుమించు కటిక నలుపు. రెండు ప్రింట్లనూ పక్కపక్కన పెట్టి చూశాక, ఫొటో కెమెరాలో ఎంత తయారవుతుందో ప్రింటులోనూ అంతే తయారవుతుందని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఆడమ్స్ నుంచి నేరుగా ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసన్ దగ్గరికి వెళ్లండి, ఎందుకంటే చేతిలోని పరికరం మారగానే ఫొటో స్వభావమంతా మారిపోవడం అక్కడ కళ్లకు కడుతుంది. చిన్న లైకా కెమెరా, ఎక్కువగా 50 ఎం.ఎం. లెన్సు, ఫ్లాష్ లేదు. మెరిసే భాగాలు ఎవరి కంటా పడకుండా నల్ల టేపు అంటించుకునేవారు. ఫ్రేమును తర్వాత కత్తిరించకూడదన్నది ఆయన నియమం. విచిత్రం ఏమిటంటే, ఆయనకు ఎంతో పేరు తెచ్చిన 1932 నాటి పారిస్ ఫొటో, సాన్-లజార్ స్టేషన్ వెనుక నీటి గుంట మీదుగా మనిషి దూకే ఫొటో, ఆ నియమానికి మినహాయింపు. కంచె పలకల సందులోంచి తీయడంతో పలక అడ్డొచ్చింది, ఆ భాగం తీసేయక తప్పలేదు. కత్తిరింపు తప్పా ఒప్పా అన్న చర్చ వస్తే ఈ ఉదాహరణ చాలా పనికొస్తుంది.

ఆయన పద్ధతి ఒంటబట్టడానికి నేను విజయవాడ బస్టాండులో సాధన చేశాను. జూమ్ వాడలేదు. స్తంభాల నీడలు నేల మీద చారలుగా పడేచోట ఫ్రేము ముందే నిర్ణయించుకుని, కదలకుండా, మనుషులు అందులోకి నడిచి వచ్చేదాకా ఎదురుచూడటమే సాధన. మూట నెత్తిన పెట్టుకున్న ఒక పెద్దావిడ నీడ చారను దాటుతూ కాలు ఎత్తిన క్షణం దొరికింది. మునివేళ్లకూ నీడకూ మధ్య వెలుగు సందు ఉంది. అర అడుగు ముందో వెనకో అయితే ఆ సందు మూసుకుపోయేది. వేగంగా బటన్ నొక్కడం కన్నా ముందుగా చోటు ఎంచుకోవడమే అసలు పని అని ఆ ఫొటోతో నాకు రుజువైంది. నా పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ దానికే ఇచ్చాను.

అమెరికన్ డాక్యుమెంటరీ ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగే దగ్గర మాత్రం టెక్నిక్ కన్నా నీతి ప్రశ్నలు ఎక్కువ. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీలు కోసే కూలీల శిబిరంలో తీసిన తల్లి ఫొటో మీకు తెలిసే ఉంటుంది. ఆ వరుసలోని మిగతా ఫ్రేములు కూడా చూడండి. దూరం నుంచి గుడారమంతా కనిపించే ఫొటో ఒకటి, క్రమంగా దగ్గరకు, చివరికి తల్లి ముఖం, చెంపను తాకిన చెయ్యి, అటు తిరిగిపోయిన ఇద్దరు పిల్లల తలలు. పిల్లల ముఖాలు కనబడకపోవడం వల్లే మన చూపు తల్లి కళ్లను వదలదు. కుడివైపు కింద గుడారపు కర్రను పట్టుకున్న బొటనవేలు ఉండేది, దాన్ని తర్వాత రీటచ్‌లో చెరిపారు. ప్రభుత్వ సంస్థ కోసం తీసిన డాక్యుమెంటరీ ఫొటోలో అలా చేయవచ్చా? ఫొటోలోని ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ పేరు 1970ల చివరి దాకా లోకానికి తెలియదు, ఆ ఫొటో వల్ల తనకు ఒరిగింది ఏమీ లేదని ఆమె బాధపడ్డారు. నా అభిప్రాయంలో వేలు చెరపడం చిన్న విషయం, పేరు అడగకపోవడం పెద్ద విషయం. మీరు ఏకీభవించనక్కర్లేదు. కానీ ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఒక పక్షం ఎంచుకుని, దానికి కారణాలు చెప్పగలగాలి.

మనవాళ్లు చదవడం మానేస్తున్నది రాజా దీన్‌దయాళ్‌ను. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. 1844లో మీరట్ దగ్గరి సర్ధనలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో తెరిచి, దాని బాధ్యత ఒక మహిళకు అప్పగించారు. ఆయన భవనాల ఫొటోల మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి గీతలు గీసి చూడండి. స్తంభాలు నిటారుగా నిలుస్తాయి. కెమెరాను పైకి వంచకుండా లెన్సును మాత్రమే పైకి జరిపే వీలు ఆనాటి పెద్ద కెమెరాల్లో ఉండేది. భవనాన్ని నక్షాగా చూసిన డ్రాఫ్ట్స్‌మన్ కన్ను ఆ వీలును వదులుకోలేదనిపిస్తుంది. ఫోనుతో చార్మినార్ తీసి మినార్లు లోపలికి ఒరిగినట్లు వచ్చినప్పుడల్లా ఆయన గుర్తుకు రావాలి.

మన దేశపు ఫొటోగ్రాఫర్లలో హోమై వ్యారావాలా, రఘు రాయ్, రఘుబీర్ సింగ్‌లను కూడా వదలకండి. ముగ్గురికీ తలా రెండు మూడు ఫొటోలు చాలు. ముఖ్యంగా రఘుబీర్ సింగ్‌ను రంగుల కోసం చూడండి. నలుపు తెలుపే గంభీరమైన కళ అనుకునే రోజుల్లో ఆయన భారతీయ వీధిని రంగుల్లోనే చూశారు.

చదువుకునే సామగ్రి కోసం డబ్బు పోయనక్కర్లేదు. లాంగే వరుస ఫ్రేములు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో పెద్ద సైజు ఫైళ్లుగా ఉచితంగా దొరుకుతాయి. దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం దగ్గర ఉన్నాయి. ఫోను తెరమీద కాకుండా, వీలైతే ఏ4 ప్రింటు తీయించి చూడండి. నీడల్లో ఏముందో ఆ సైజులోనే తెలుస్తుంది.