పక్కన ఆర్కెస్ట్రా లేకుండా ఆర్కెస్ట్రా ఆడిషన్‌కి: హైదరాబాద్ నుంచి నా ప్రిపరేషన్

వయొలిన్, వయోలా, చెల్లో వాయిస్తూ ఆర్కెస్ట్రా ఆడిషన్‌కి గానీ, విదేశీ సంగీత కళాశాలల ప్రవేశానికి గానీ సిద్ధమవుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను సికింద్రాబాద్‌లో పెరిగి, ఇక్కడే సాధకం చేసి, ముంబైలో ఒక ఆర్కెస్ట్రా ఆడిషన్‌లో ఎంపికయ్యాను. సీజన్ వచ్చినప్పుడు వెళ్లి వాయించి వస్తుంటాను. మిగతా నెలల్లో పిల్లలకి పాఠాలు చెబుతాను, స్టూడియో రికార్డింగులకి వెళ్తాను. గ్రేడ్ పరీక్షలకి ఎలా తయారవ్వాలో చెప్పేవాళ్లు మన ఊళ్లో బాగానే దొరుకుతారు. ఆడిషన్ గురించి అడిగితే మాత్రం జవాబు చెప్పేవాళ్లు తక్కువ. నాకు తెలిసినంత వరకు చెబుతాను.

గ్రేడ్ పరీక్షకీ ఆడిషన్‌కీ తేడా ముందు మనసుకి పట్టాలి. గ్రేడ్ పరీక్షలు పెట్టే బ్రిటిష్ బోర్డుల్లో ఒకటైన ఏబీఆర్‌ఎస్‌ఎమ్‌లో గ్రేడ్ 8కి 150కి 100 వస్తే పాస్, 130 వస్తే డిస్టింక్షన్. అలాంటిదే ఇంకో బోర్డు ట్రినిటీలో 100కి 60 పాస్, 87 డిస్టింక్షన్. స్కేల్స్‌లో పోయిన మార్కుల్ని పీసుల్లో రాబట్టుకోవచ్చు. ఆడిషన్‌లో ఈ సర్దుబాటు ఉండదు. ఉన్నది ఒక కుర్చీ. ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లు పొద్దుట్నుంచీ అవే నాలుగు పేజీలు అందరి దగ్గరా విని ఉంటారు. రేపు ఈ మనిషి పక్కన కూర్చుని వాయించగలమా అన్నదొక్కటే వాళ్లు తేల్చుకోవాల్సింది. మన దగ్గర డిస్టింక్షన్లు ఉన్న పిల్లలు ఆడిషన్‌లో తొలి రౌండ్‌లోనే ఆగిపోయేది టాలెంట్ తక్కువై కాదు. సోలో వాయించడానికి తయారై వెళ్తారు, అక్కడ వెతికేది పక్కవాళ్లతో కలిసి వాయించేవాళ్లని.

వయొలిన్‌కి సాధారణంగా అడిగేవి ఇవి. మొజార్ట్ కాన్చెర్టోల్లో (ఒక సోలో వాద్యానికి ఆర్కెస్ట్రా తోడుగా రాసిన రచనలు) మూడు, నాలుగు, అయిదు సంఖ్యల్లో ఒకదాని మొదటి భాగం. ఈ మూడూ ఆయన 1775లో రాసినవే. దాంతోపాటు ఒక రొమాంటిక్ కాలపు కాన్చెర్టో. ఆ తర్వాత ఎక్సర్ప్ట్‌లు, అంటే సింఫనీల్లోంచి ఏరిన చిన్న చిన్న భాగాలు. స్ట్రాస్ 'డాన్ వాన్' మొదటి పేజీ, మెండెల్సన్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' షెర్జో (వేగంగా, తేలికగా సాగే భాగం), షూమన్ రెండో సింఫనీ షెర్జో, మొజార్ట్ 39వ సింఫనీ, బ్రామ్స్ నాలుగో సింఫనీ, బీతోవెన్ తొమ్మిదో సింఫనీ. ఏ దేశంలో ఆడిషన్ అయినా ఈ పేర్లే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు, ఇవాళే మొదలుపెట్టొచ్చు.

ఒకరోజు మా మేడమ్ దగ్గర మెండెల్సన్ షెర్జో వాయించాను. స్వరాలు సరిగానే పడ్డాయి, స్పీడూ ఉంది. ఆవిడ కాసేపు ఊరుకుని, "నాకు వయొలిన్ ఒక్కటే వినిపిస్తోందమ్మా. ఫ్లూట్లేవి?" అన్నారు. నా ప్రిపరేషన్ అంతా ఆ ప్రశ్న చుట్టూనే నడిచింది.

ఆ షెర్జో మొదలుపెట్టేది వుడ్‌విండ్ వాద్యాలు, అంటే ఫ్లూట్, క్లారినెట్ లాంటివి. వయొలిన్‌వాళ్లని అడిగే భాగం 17వ బార్ (నోటేషన్‌లో ఒక తాళావర్తనం లాంటిది) దగ్గర మొదలై 99 దాకా సాగుతుంది. అంటే మనం కొత్తగా ఏదీ ప్రారంభించడం లేదు. అప్పటికే నడుస్తున్న లయనీ, ఆ మెత్తదనాన్నీ అందుకుంటున్నాం. ఆడిషన్ గదిలో ఆ వుడ్‌విండ్స్ ఉండవు. కానీ ప్యానెల్ చెవుల్లో ఉంటాయి. మన చెవిలో కూడా ఉన్నాయో లేదో మొదటి రెండు బార్లలోనే వాళ్లకి తెలిసిపోతుంది. బ్రామ్స్ నాలుగో సింఫనీ ఆరంభం చూడండి. వయొలిన్లు రెండు స్వరాలు పలికి ఆగుతాయి, మళ్లీ రెండు పలికి ఆగుతాయి. ఆ ఖాళీల్లో వుడ్‌విండ్స్ జవాబు చెబుతుంటాయి. ఒక్కరమే వాయించేటప్పుడు ఆ ఖాళీని తెలియకుండానే కుదించేస్తాం, ఎవరూ జవాబు చెప్పడం లేదు కాబట్టి. జవాబు పూర్తయ్యేదాకా ఆగగలిగినవాళ్ల బ్రామ్స్ వేరేగా ఉంటుంది. బీతోవెన్ తొమ్మిదో సింఫనీ మూడో భాగంలో వయొలిన్లకి 12/8 తాళంలో పొడుగాటి అల్లిక ఉంటుంది. అక్కడ అసలు రాగం వుడ్‌విండ్స్ చేతిలో ఉంది, మనవి దాని మీద సంగతులు. కృతిలో పల్లవి ఎక్కడుందో మరిచిపోయి సంగతులు వేస్తే ఎలా ఉంటుందో మన తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌లో నెలజీతం ఇచ్చే సింఫనీ ఆర్కెస్ట్రా లేదు. యూరప్‌లో పిల్లలు యూత్ ఆర్కెస్ట్రాల్లో కూర్చుని ఇదంతా వంట్లోకి ఎక్కించుకుంటారు. మనం దాన్ని కావాలని కట్టుకోవాలి. ఎలాగంటే: మీ పార్ట్ ఒక్కటే ప్రింట్ తీసుకోకండి. అన్ని వాద్యాల పార్టులూ కలిపి ఉండే ఫుల్ స్కోర్ కూడా తీసుకోండి. కాపీరైట్ తీరిపోయిన సంగీతం ఐఎంఎస్‌ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. స్కోర్ ముందు పెట్టుకుని రికార్డింగ్ వినండి, మొదట బేస్ గీతని మాత్రం వేలితో పట్టుకుని. తర్వాత ఆ బేస్ నోటితో పాడుతూ మీ పార్ట్‌ని చేత్తో తాళం వేయండి. ఆ తర్వాతే వయొలిన్ ఎత్తండి. ఒకే రికార్డింగ్‌కి అలవాటు పడొద్దు. ఇద్దరు ముగ్గురు కండక్టర్లవి వినండి, ఎందుకంటే ప్యానెల్ "ఇంకొంచెం నిదానంగా మళ్లీ వాయించండి" అని అడగడం మామూలే. చెప్పింది వెంటనే చేయగలమా అన్నది కూడా వాళ్లు చూస్తారు.

చర్చిల్లో కీబోర్డ్ వాయించే స్నేహితులు సికింద్రాబాద్‌లో ఎందరో ఉన్నారు. నేను ఒక స్నేహితురాలిని బతిమాలి మొజార్ట్ 39 రెండో భాగంలో కింది గీతలు కీబోర్డ్ మీద వాయించమనేదాన్ని. ఆ భాగం చూడ్డానికి చాలా సులువు. ఏ-ఫ్లాట్ మేజర్, నెమ్మది, పెద్ద పరుగులేవీ లేవు. అందుకే అడుగుతారు. దాచుకోవడానికి చోటు ఉండదు. కింద హార్మొనీ వినిపిస్తున్నప్పుడు మన స్వరం ఎంత ఎత్తులో కూర్చోవాలో వేలికి తెలుస్తుంది. ట్యూనర్ యాప్ ముందు కూర్చుంటే ఆ తెలివి రాదు. యాప్ అవసరమే, కానీ అది మొదటి మెట్టు.

ఇక లయ. ప్యానెల్స్ మొదట పక్కన పెట్టేది లయ నిలకడ లేనివాళ్లని. ఇక్కడ కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి పెద్ద బలం ఉంది, దాన్ని చిన్నచూపు చూడకండి. నేను మొదట నేర్చింది కర్ణాటక వయొలినే. వర్ణాన్ని మూడు కాలాల్లో వాయించిన చెయ్యి కాలప్రమాణం అంటే ఏమిటో ఎరుగుతుంది. షూమన్ షెర్జో మొత్తం ఆగని పదహారో వంతు స్వరాలు, వాయిస్తున్న కొద్దీ పరుగెత్తాలనిపిస్తుంది. దాన్ని వయొలిన్ లేకుండా "తకధిమి తకధిమి" అని నోటితో చెప్పుకుంటూ, చేత్తో తాళం వేస్తూ చాలా రోజులు నడిపాను. మెండెల్సన్‌కి "తకిట తకిట". మెట్రోనోమ్‌ని ప్రతి బీట్‌కీ కొట్టించుకోకండి. మొదట బార్‌కి ఒకటి, తర్వాత రెండు బార్లకి ఒకటి, తర్వాత అనాగత స్థానంలో, అంటే బీట్ మీద కాకుండా బీట్ల మధ్యలో. దెబ్బలు తగ్గే కొద్దీ లయ మీదే అవుతుంది.

అయితే వేరుగా ఉంచుకోవాల్సినవీ ఉన్నాయి. శంకరాభరణమూ మేజర్ స్కేలూ ఒకటే అని చిన్నప్పట్నుంచీ వింటాం. స్వరస్థానాలు చూస్తే నిజమే. వేలు స్వరాన్ని చేరే తీరు వేరు. మనకి జారు అందం, అక్కడ పొజిషన్ మారేటప్పుడు జారు వినిపించకూడదు, వినిపించాలని కోరుకున్న చోట తప్ప. గమకం అలవాటైన చేతికి వైబ్రాటో అచ్చంగా కొత్త పని. స్వరం మీద నిలబడి కొంచెం కిందికి వెళ్లి మళ్లీ అదే స్వరానికి రావాలి. శ్రుతి కూడా వేరే: మన షడ్జ పంచమాల శ్రుతి ఒకటి, అక్కడి జి-డి-ఎ-ఇ ఒకటి. వీలైతే రెండు వాద్యాలు పెట్టుకోండి. ఒకే వయొలిన్ తీగల్ని రోజూ సడలించి బిగిస్తుంటే అది ఏ శ్రుతికీ కుదురుకోదు. కమాను విషయంలో మాత్రం ఎవరి పాఠమైనా ఇద్దరికీ పనికొస్తుంది. విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగులు వినండి. పొడవాటి కమానులో నాదం సన్నబడకుండా చివరిదాకా నిలవడం ఏమిటో అక్కడ తెలుస్తుంది.

ఆఖరి నెలల్లో సాధకం తీరు మార్చాలి. అప్పటిదాకా ఒక్కో ఎక్సర్ప్ట్ మీద గంటలు గడిపి ఉంటారు. ఆడిషన్‌లో అవకాశం ఒక్కసారే, అదీ వాళ్లు చెప్పిన వరసలో. నేను అన్నిటి పేర్లూ చీటీల మీద రాసి స్టీలు డబ్బాలో వేసుకున్నాను. పొద్దున లేవగానే, వేళ్లు వేడెక్కకముందే, ఒక చీటీ తీసి ఒకే ఒక్కసారి వాయించి ఫోన్‌లో రికార్డ్ చేసేదాన్ని. వెంటనే వినకండి, మర్నాడు వినండి. ఒక వినికిడిలో ఒక్క విషయమే చూసుకోండి: ఒకసారి లయ, ఇంకోసారి శ్రుతి, మరోసారి నాదం. గుండె దడ అలవాటు కావడానికి మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి అయిదో అంతస్తుకి మెట్లెక్కి, తలుపు తీసి, వెంటనే 'డాన్ వాన్' వాయించేదాన్ని. కమాను చెయ్యి వణుకుతుంటే ఎక్కడ పట్టు సడలించాలో అలాగే తెలిసింది. ఎదురింటి ఆంటీని, వాచ్‌మన్ అన్నని, నా స్టూడెంట్ల తల్లిదండ్రులని కూర్చోబెట్టి వాయించాను. సంగీతం తెలియని శ్రోత ముందు వాయించినా చేతులకి చెమట అలాగే పడుతుంది.

చాలా ఆర్కెస్ట్రాల్లో తొలి రౌండ్లలో వాయించేవాళ్లకీ ప్యానెల్‌కీ మధ్య తెర కడతారు. అమెరికాలో 1970, 80 దశకాల్లో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. వాయించేది ఆడా మగా, ఎవరి శిష్యులు అన్నది ప్యానెల్‌కి తెలియకూడదని. చెప్పుల చప్పుడు వినిపించకుండా తివాచీ పరిచే చోట్లూ ఉన్నాయి. మీతో ఉండే సహాయకుడితో తప్ప మాట్లాడకూడదు. పేరు బదులు నంబర్ ఉంటుంది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లం, పెద్ద గురువుల పేరు లేదని బెంగపడేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన ఊరి పేరు తెరకి అటువైపు చేరదు, మన నాదమే చేరుతుంది. ఇంట్లో దుప్పటి కట్టుకుని ఒకటి రెండుసార్లు అలా వాయించి చూడండి. ఎవరి ముఖమూ కనపడకపోతే మొదట్లో వింతగా ఉంటుంది.

వాద్యం గురించి క్లుప్తంగా. ఏప్రిల్, మే నెలల్లో మన పొడి ఎండకి కొయ్య కుంచించుకుని బిరడలు జారిపోతాయి, అతుకులు కూడా విడిపోవచ్చు. ముంబై తేమలో అదే కొయ్య ఉబ్బి బిరడలు బిగుసుకుంటాయి. అందుకే రాత్రి రైలెక్కి పొద్దున దిగి నేరుగా ఆడిషన్‌కి వెళ్లే పని పెట్టుకోకండి. కనీసం ఒకరోజు ముందు చేరి వాద్యాన్ని అక్కడి గాలికి కుదురుకోనివ్వండి. కొత్త తీగలు ఆడిషన్ ముందురోజు మార్చొద్దు, సాగడం ఆగడానికి వాటికి కొన్ని రోజులు కావాలి. శ్రుతి చేసుకునే 'ఎ' (A) స్వరం అక్కడ 440 హెర్ట్జా, 442ఆ అన్నది ముందే అడిగి తెలుసుకుని ఆ శ్రుతిలోనే సాధకం చేయండి.

బతుకుతెరువు గురించి ఇంట్లో అడుగుతారు, అడగాలి కూడా. మన దేశంలో ప్రొఫెషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా అంటే ముంబైలోని కళాకేంద్రం ఎన్‌సీపీఏలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. అక్కడ సీజన్లలో విదేశాల నుంచి వచ్చి వాయించేవాళ్లు చాలామంది, కాబట్టి పోటీ ఏ స్థాయిలో ఉంటుందో ఊహించుకోండి. ఆ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోమని నేను చెప్పను. హైదరాబాద్, చెన్నై సినిమా రికార్డింగుల్లో హెడ్‌ఫోన్‌లో క్లిక్ వింటూ, అప్పుడే చేతికిచ్చిన నోటేషన్ చదివి వాయించాలి. ఆడిషన్‌కి సంపాదించిన లయా, సైట్ రీడింగూ అక్కడ నేరుగా అన్నం పెడతాయి. ఇంటర్నేషనల్ స్కూళ్లలో టీచర్ ఉద్యోగాలున్నాయి. కర్ణాటక సంగీతం కూడా ఉన్నవాళ్లు ఆకాశవాణి గ్రేడ్ కోసం వేరేగా ప్రయత్నించొచ్చు. విదేశాల్లో చదవాలనుకునేవాళ్లు తేదీలు చూసుకోండి: బ్రిటన్ కన్సర్వటాయిర్లకి (సంగీత కళాశాలలకి) సాధారణంగా అక్టోబరు మొదట్లోనే దరఖాస్తు గడువు ముగుస్తుంది, అమెరికాలో చాలాచోట్ల డిసెంబరు మొదట్లో. కోర్సు మొదలయ్యేది మరుసటి ఏడాది. ముందుగా వీడియో పంపమంటే కోతలు లేకుండా ఒకే టేక్‌లో తీయాలి. ఫ్యాన్ ఆపేసి, రోడ్డు మీద హారన్లు తగ్గిన తెల్లవారుజామున తీయండి.

వయొలిన్ వాయించేవాళ్లలో ఎవరికైనా కొంచెం పెద్ద చేతులుంటే, లోతైన నాదం ఇష్టమైతే, వయోలా కూడా పట్టుకుని చూడండి. ఆల్టో క్లెఫ్ (వయోలా నోటేషన్ రాసే పద్ధతి) చదవడం అలవాటయ్యేదాకే కష్టం. స్టామిట్జ్, హాఫ్‌మైస్టర్ డి మేజర్ కాన్చెర్టోలు ఆడిషన్లకి అడిగేవి, వాటితో మొదలుపెట్టొచ్చు. మన ఊళ్లో క్వార్టెట్ వాయిద్దామంటే వయొలిన్లు కావలసినన్ని దొరుకుతాయి, చెల్లో వెతికితే దొరుకుతుంది, వయోలా దగ్గరే ఆగిపోతాం. మా ఆదివారం గుంపులో ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది.