ఒకటి ఎక్కడుందిరా?

సికింద్రాబాద్‌లోని మన బడిలో, మెయిన్ బ్లాకు చివరి గదిలో, గోడకు వీపు ఆనించి నిలబెట్టిన పాత పియానో ఒకటి ఉండేదని మా కాలపువాళ్లకు గుర్తుండే ఉంటుంది. వానాకాలం వచ్చిందంటే దాని చెక్క ఉబ్బి, మధ్యస్థాయిలోని ‘ఎఫ్’ మెట్టు కిందికి దిగేదే గాని మళ్లీ పైకి లేచేది కాదు. దానిని బొటనవేలి గోటితో ఎగదీస్తూనే మిగిలిన మెట్లు వాయించడం మాకు అలవాటైపోయింది. నాన్నగారికి విజయవాడ నుంచి రైల్ నిలయానికి బదిలీ కావడంతో 1984లో నేను ఎనిమిదో తరగతిలో ఇక్కడ చేరాను. అప్పటికి నాకు తెలిసిన సంగీతమల్లా మా మేనమామ హరికథలకు మృదంగం వాయిస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న నాలుగు జతులు మాత్రమే.

మన మ్యూజిక్ సర్ పేరు ఇక్కడ రాయనక్కరలేదు. ఈ సంచిక చదివేవారందరికీ ఆయన తెలుసు. అయితే ఆయన వయసులో ఉన్నప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్ డ్యాన్సులకు బ్యాండులో పియానో వాయించేవారని, శనివారం రాత్రి రుంబాలు, టాంగోలు, ఫాక్స్‌ట్రాట్‌లు వాయించి ఇంటికి చేరి, రెండు గంటలు కునుకు తీసి, ఆదివారం ఉదయం అవే చేతులతో చర్చిలో ఆరాధన గీతాలు వాయించేవారని చాలామందికి తెలియదు. ఆ రెండింటి మధ్య గోడ ఉందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. నాకూ అదే అబ్బింది. ఐరోపా శాస్త్రీయ సంగీతమూ లాటిన్ నాట్యలయలూ కలిసే చోటు గురించి ఈ వ్యాసం రాయడానికి కారణమూ అదే.

తొమ్మిదో తరగతిలో ఆయన నాకు జర్మన్ స్వరకర్త బాఖ్ 1722లో కూర్చిన ‘వెల్ టెంపర్డ్ క్లావియర్’ మొదటి సంపుటంలోని సి మేజర్ ప్రెల్యూడ్ అనే చిన్న రచన నేర్పడం మొదలుపెట్టారు. పియానో నేర్చుకునే పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు దాని దారిన పోవలసినవారే. ఎడమచేయి రెండు స్వరాలు వేస్తుంది, కుడిచేయి మూడు స్వరాలు వేసి, వెంటనే అవే మూడూ మళ్లీ వేస్తుంది, మొత్తం ఎనిమిది. ఆ ఎనిమిదీ మరొకసారి వస్తే ఒక బార్ పూర్తవుతుంది. బార్ అనే మాటను నేను మనసులో ఆవర్తం అని మార్చుకునేవాడిని. తాళం లెక్కన ఈ స్వరాలు నాలుగేసి చొప్పున నడుస్తాయి గాని, నా చెవికి మాత్రం అవి ‘తక తకిట తకిట’ అనే వినిపించేవి. వేళ్లు తడబడకుండా ఆ జతిని నోట్లోనే గొణుక్కుంటూ వాయిస్తున్న నన్ను సర్ ఆపి, ఏమిటంటున్నావని అడిగారు. తిడతారేమోనని భయపడుతూ చెప్పాను. ఆయన తిట్టలేదు. లేచి వెళ్లి, వార్షికోత్సవం సామాను ఉండే బీరువాలో నుంచి రెండు కోలాటం కర్రలు తెచ్చి, “ఇది విను, దీనికి జతి కట్టు” అని బల్ల పక్కన నిలబడి ఐదు దెబ్బలు కొట్టారు. అవే ఐదు దెబ్బలు మళ్లీ మళ్లీ.

మూడోసారికి నాకు అందింది: తకిట, తకిట, తకధిమి, తక, తకధిమి. మూడూ మూడూ నాలుగూ రెండూ నాలుగూ కలిపి పదహారు మాత్రలు. బాఖ్ ఆవర్తంలో ఉన్నవీ పదహారు స్వరాలే. క్యూబాలో ఈ ఐదు దెబ్బల వరుసను క్లావే అంటారని, దానిని చిడతలంత పొట్టిగా, గుండ్రంగా ఉండే రెండు కర్రలతో కొడతారని, బ్యాండులో ఎందరున్నా ఆ కర్రల మాటే చెల్లుతుందని ఆయన చెప్పారు. క్లావే మొదటి సగంలో ఉన్న మూడూ మూడూ రెండూ అనే విభజనకు అక్కడ ట్రెసిల్లో అని పేరు. అంటే తకిట తకిట తక. బాఖ్ వేసినది తక తకిట తకిట. ముక్కలు అవే, ఎత్తుగడ ఒక్కటే వేరు. మన లక్షణకారుల మాటలో చెప్పాలంటే, తాళంతో కలిసి ఎత్తుకునే సమ గ్రహానికీ, దానికి ముందో వెనుకో ఎత్తుకునే విషమ గ్రహానికీ ఉన్నంత తేడా. “ఇందులో ఒకటి ఎక్కడుందిరా?” అని సర్ అడిగిన మొదటి రోజు అదే. ఒకటి అంటే ఆవర్తం మొదలయ్యే దెబ్బ. తరువాత రెండేళ్లపాటు ఆయన నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఏదో ఒక రూపంలో ఆ ప్రశ్నే.

ఐరోపా శాస్త్రీయ సంగీతంలో లాటిన్ నాట్యలయలను కలపడమంటే ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో రికార్డు కంపెనీవారికి తట్టిన ఆలోచన అని నేను చాలాకాలం అనుకున్నాను. ఉద్యోగరీత్యా న్యూజెర్సీలో ఉన్న ఏళ్లలో గ్రంథాలయాల నుంచి తెచ్చుకున్న పుస్తకాలూ డిస్కులూ ఆ భ్రమను పోగొట్టాయి. ఇంగ్లండ్ పల్లెల జంటల నాట్యం ఫ్రాన్స్‌కు వెళ్లి కాంత్రదాన్స్ అయింది. అక్కడి నుంచి కరీబియన్‌లోని ఫ్రెంచి వలస సెయింట్ డొమింగ్‌కు, అంటే నేటి హైతీకి చేరింది. 1791లో అక్కడ బానిసలు తిరగబడినప్పుడు పారిపోయిన తోటల యజమానులూ, వారు వెంటబెట్టుకు వెళ్లిన నల్లజాతివారూ దానిని క్యూబాలోని శాంతియాగోకు తీసుకుపోయారు. క్యూబాకు ఆ నాట్యం వచ్చిన దారులలో ఇది ఒకటి. ఈ ప్రయాణంలో దానికి తోడైన లయకు సిన్‌కిల్లో అని పేరు. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి, పొడుగు. తెలుగు ఛందస్సు చదివినవారికి ఇంకా తేలికగా చెప్పవచ్చు: ఒక రగణం వేసి దాని పక్కన లగం పెట్టండి, ఎనిమిది మాత్రల సిన్‌కిల్లో సిద్ధం. తెలుగు మాస్టారు గణవిభజన తప్పు చేసినందుకు నన్ను బెంచీ ఎక్కించిన రోజున ఈ ముక్క తెలిసి ఉంటే ఆ పాఠం మీద ఇంకొంచెం శ్రద్ధ పుట్టేది.

హవానాలో మాన్వేల్ సౌమెల్ అనే పియానో విద్వాంసుడు 1870లో చనిపోయేనాటికి యాభైకి పైగా కాంత్రదాంసాలు, అంటే ఆ కాంత్రదాన్స్‌కు క్యూబా రూపాలు, రాశాడు. ఒక్కొక్కటి నిమిషం, రెండు నిమిషాలకు మించదు. మొదటి భాగం చాలాసార్లు ఐరోపా సంపన్నుల విందుగదుల మర్యాదతో నడుస్తుంది. రెండో భాగంలోకి రాగానే ఎడమచేతి నడక మారిపోయి కాళ్లను కదిలిస్తుంది. ఈ వరుసలోనే 1879 జనవరి 1న మతాన్సాస్ నగరంలో మిగేల్ ఫాయిల్దే కాంత్రదాంసా నుంచి పుట్టిన కొత్త నాట్యసంగీతం, మొదటి దాంసోన్ వినిపించాడని చెబుతారు. దాంసోన్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఒకటుంది. మొదట వచ్చే పల్లవి వంటి భాగం మధ్యమధ్య తిరిగి వచ్చినప్పుడల్లా జంటలు ఆడడం ఆపేస్తాయి. నిలబడి విసనకర్రలు విసురుకుంటూ, కబుర్లాడుకుంటూ, పక్కవారిని పలకరిస్తూ ఉండి, వేణువు భాగమో వయొలిన్ల భాగమో మొదలైన సరైన దెబ్బకు మళ్లీ అడుగు వేస్తాయి. ఒకటి ఎక్కడుందో ఆ ఊళ్లో అందరికీ తెలుసునన్నమాట.

సర్ జీవితంలోని శనివారం రాత్రీ ఆదివారం ఉదయమూ నాకు మళ్లీ కనిపించినది కచావో అనే ముద్దుపేరుతో ప్రసిద్ధుడైన ఇస్రాయేల్ లోపెజ్ కథలో. 1918లో పుట్టిన ఆయన పన్నెండు పదమూడేళ్ల వయసులోనే హవానా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ అనే మంద్రస్వర తీగవాద్యం పట్టి, సుమారు మూడు దశాబ్దాలు అక్కడ వాయించాడు. ఎరిక్ క్లైబర్ వంటి, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ల ఎదుట బేతోవెన్ సింఫొనీలు వాయించిన ఆ చేతులే డ్యాన్సు హాళ్లలో దాంసోన్‌లకు అడుగు పట్టాయి. ఆయన అన్నగారు ఒరెస్తెస్ 1938లో ‘మాంబో’ అని పేరు పెట్టి ఒక దాంసోన్ రాశాడు, తరువాత లోకమంతా ఊగిన మాంబో నాట్యానికి పేరు అక్కడిదే. అదే ఫిల్‌హార్మోనిక్‌లో చిన్నతనాన క్లారినెట్ వాయించిన మారియో బవుసా న్యూయార్క్ వెళ్లి ట్రంపెట్ పట్టుకుని, మాచీతో అనే గాయకుడి బ్యాండులో జాజ్‌కూ క్యూబా లయకూ సంబంధం కలిపాడు. 1950లో చీకో ఓఫారిల్ అనే క్యూబా స్వరకర్త ఆ బ్యాండు కోసం రాసిన ఆఫ్రో-క్యూబన్ జాజ్ సూట్‌లో అమెరికా జాజ్ విద్వాంసుడు చార్లీ పార్కర్ సాక్సఫోన్ వినిపిస్తుంది. దీనిని నేను వారానికొకసారైనా వింటాను, అయినా దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఇక శాస్త్రీయ సంగీతంవైపు నుంచి వచ్చినవారిలో ఫ్రెంచి స్వరకర్త బిజే సంగతి తమాషాగా ఉంటుంది. 1875 నాటి ‘కార్మెన్’ ఆపెరాలో ఆయన వాడుకున్న హబనేరా (హవానా పేరు మీది క్యూబా నాట్యలయ) వరుస జానపదమనుకున్నాడట. తీరా అది క్యూబా చూసి వచ్చిన ఇరాదియేర్ అనే స్పెయిన్ స్వరకర్తదని తేలింది. అమెరికా స్వరకర్త గెర్ష్విన్ 1932లో రెండు వారాలు హవానాలో గడిపి, అక్కడి లయవాద్యాలు వెంట తెచ్చుకుని, అదే ఏడాది క్యూబన్ ఓవర్చర్ రాశాడు. క్యూబా వాద్యాలు వాయించేవారిని వెనుక వరుసలో కాక, కండక్టర్ బల్లకు ఎదురుగా ముందు నిలబెట్టాలని స్వరపత్రంలోనే సూచించాడు. ఆ సూచన విలువ నాకు తెలిసినంతగా బహుశా ఎవరికీ తెలియదు. ఎందుకో చెబుతాను.

1987 వార్షికోత్సవంలో నేను ఆ ప్రెల్యూడ్ వాయించడం, నా బెంచీ మిత్రుడు ఢోలక్ మీద రుంబా నడక వేయడం అని నిశ్చయించుకున్నాము. సర్‌కు చెప్పకుండా వరండాలో నాలుగు రోజులు సాధన చేశాము. వేదిక మీద పియానోను ఒక చివర, ఢోలక్‌ను మరొక చివర పెట్టారు. మధ్యలో తెర మడతలూ, కుండీలూ, ముఖ్య అతిథి కుర్చీలూ. నా ఎడమచేతి మంద్రస్వరాలు తెరలో కలిసిపోయి, వాడికి కుడిచేతి స్వరాలు మాత్రమే వినిపించాయి. దానితో వాడు మూడో స్వరాన్ని ఒకటి అనుకుని ఎత్తుకున్నాడు. నేను తక తకిట తకిట అంటున్నాను, వాడు తకిట తకిట తక అంటున్నాడు. విచిత్రమేమిటంటే ముప్పై రెండు ఆవర్తాల వరకు అది దివ్యంగా సాగింది, సభ వాడి దెబ్బకే చప్పట్లు కలిపింది. కాని ఆ ప్రెల్యూడ్‌లో ఉన్నవి ముప్పై అయిదు ఆవర్తాలు. ముప్పై మూడు, ముప్పై నాలుగులలో బాఖ్ అంతవరకు వేసిన అచ్చును తీసేస్తాడు; కుడిచేయి మూడు స్వరాలను తిరిగి వేయకుండా ఆవర్తం పొడుగునా ఒకే తీగలా పాకిపోతుంది. పట్టుకోవడానికి కొమ్మ లేక మావాడు గాలిలో వేలాడాడు. నేను కలిపి మోగే స్వరాల చివరి ‘సి’ మేళవింపు మీద చేతులు ఆనించి ఆగిన తరువాత, నిశ్శబ్దంలో ఢోలక్ ఇంకా రెండు దెబ్బలు కొట్టింది. పై తరగతులవారు ఏడాదంతా మమ్మల్ని చూసినప్పుడల్లా ఆ రెండు దెబ్బలు బల్ల మీద వేసేవారు.

మర్నాడు సర్ మా ఇద్దరినీ పిలిచి, పియానోకు చెరొకవైపు నిలబెట్టి, తాను వాయిస్తుంటే ఒకటి వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టమన్నారు. మా చప్పట్లు ఒక్కసారైనా కలవలేదు. ఆయన వాయిస్తూనే ఉన్నారు. నాలుగైదు నిమిషాలకు ముందుగా నవ్వింది మావాడే.

ఆ తరువాత శాస్త్రీయ వరుసలకు లాటిన్ లయలు జోడించిన ఇలాంటి ప్రయోగాలు ఎన్నో విన్నాను. వాటిలో సగానికి సగం నాకు నచ్చవు. మోట్సార్ట్ వరుస తన నాలుగు దెబ్బల నడకలో తాను పోతూ ఉంటే, కింద కాంగాలు అనే క్యూబా డోళ్లు తమ గొడవ తాము చూసుకుంటాయి. పెళ్లి బ్యాండు పక్కన వీణ కచేరీ పెట్టినట్టుంటుంది. వరుస క్లావేకు వంగాలి, లేకపోతే క్లావే ఆ వరుసలో నుంచే పుట్టాలి. మెక్సికో స్వరకర్త ఆర్తురో మార్కెస్ 1994 నాటి రెండో దాంసోన్ అలా పుట్టినదే. న్యూజెర్సీలో ఉండగా దానిని నిండు ఆర్కెస్ట్రా మీద మొదటిసారి విన్నాను. ఒంటరి క్లారినెట్ మెల్లగా మొదలవుతుంది, దాని కింద రెండు కర్రలు పొడిగా పలుకుతాయి. నాకు ఆ హాలులో మన బీరువా వాసన తగిలింది. పక్కసీటు ఆవిడ నా వేళ్ల వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నారు. ఒళ్లో పెట్టుకున్న కార్యక్రమ పత్రం మీద నేను పైకి వినిపించేలాగే జతి వేస్తున్నానని అప్పుడు తెలిసింది.

ఈ డిసెంబరు సమావేశంలో మమ్మల్ని మళ్లీ వాయించమన్నారు. మావాడు ఢోలక్‌కు కొత్త తోలు వేయించాడు, పియానోకు ఎడమవైపు, నా మోచేతికి తగిలేంత దగ్గరగా కూర్చుంటానన్నాడు. ముప్పై రెండో ఆవర్తం తరువాత వాడు ఆగిపోవాలని ఫోనులో ఒప్పందం చేసుకున్నాము. చివరి మేళవింపు తరువాత రెండు దెబ్బలు మాత్రం కొట్టి తీరుతానంటున్నాడు.