పలక రాళ్ళలో పండే ఎర్ర వైన్: ప్రియొరాట్‌లో తిరిగినప్పుడు

స్పెయిన్‌లోని ప్రియొరాట్ వైన్ సీమలో ఫల్సెత్ ఊరు దాటి గ్రాతల్యోప్స్ వైపు కొండదారి ఎక్కాక నేల రంగే మారిపోయింది. అప్పటిదాకా మామూలు మట్టి, ఆలివ్ తోటలు, బాదం చెట్లు. ఆ తర్వాత కొండంతా ముదురు బూడిద రంగు రాతి పెళ్ళలు. కారు ఆపించి ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాను. పొరలు పొరలుగా ఉంది, నొక్కితే పుటుక్కున విరిగింది, అంచున అభ్రకం తళుక్కుమంది.

"అన్నా, ఇది మనూరి పలక రాయే కదా!" అన్నాడు మా పిన్ని కొడుకు. వాడు బార్సిలోనాలో ఉద్యోగం చేస్తున్నాడు, నన్ను తీసుకొచ్చింది వాడే. మార్కాపురం వాళ్ళం, ఆ రాయిని గుర్తుపట్టడానికి మాకు ఇంకొకరు చెప్పాలా? గనుల పక్కన గుట్టలుగా పడున్న పలక ముక్కల మధ్యే పెరిగాం. కానీ వాటి సందుల్లోంచి ద్రాక్ష మొక్క లేవడం ఇక్కడే చూశాను. స్థానికులు ఈ రాతినేలని లికొరెల్యా అంటారు. పైన నీళ్ళు నిలవవు. అందుకని వేళ్ళు రాతి పగుళ్ళు వెతుక్కుంటూ మీటర్ల లోతుకి దిగుతాయి. పాత తోటల్లో పందిరి ఉండదు, తీగలు పాకించరు. నడుము ఎత్తు కూడా లేని మొద్దులు దేనికది విడిగా నిలబడి ఉంటాయి. ముసలి మొక్క అయితే కిలో కాయ కూడా ఇవ్వదు. వాలు మరీ నిటారుగా ఉన్నచోట ట్రాక్టర్ ఎక్కదు, ఇప్పటికీ కంచరగాడిదలతో దున్నేవాళ్ళు ఉన్నారు. సీసా ధర చూసి కోపం రాకుండా ఉండాలంటే ముందు ఈ వాలు ఎక్కి దిగాలి.

ఇక్కడి ఎర్ర వైన్‌కి ప్రాణం రెండు రకాల ద్రాక్ష: గర్నాచా, కరిన్యేనా. గ్రాతల్యోప్స్‌లో ఒక చిన్న వైనరీలో మాకు తోట చూపించినావిడ ముందు రెండూ విడివిడిగా పోసింది. గర్నాచా పండిన పండు వాసనతో గుప్పుమంది. గొంతులో ఆల్కహాల్ వేడి తెలుస్తోంది, రంగు మాత్రం కాస్త పలచన. కరిన్యేనా దానికి పూర్తిగా వేరు. ఇంకు లాంటి రంగు, గట్టి పులుపు, నాలుకని పట్టేసే వగరు. ఒక గుక్క తాగాక రెండోది తాగాలనిపించలేదు. ఆ తర్వాత రెండూ కలిపింది పోసింది. గర్నాచాకి ఉన్న వేడిని కరిన్యేనా పులుపు సర్దేసింది, కరిన్యేనా మొరటుతనాన్ని గర్నాచా నునుపు చేసింది. ఎండాకాలంలో నల్లరాయి పగలంతా కాగుతుంది, పండులో చక్కెర బాగా పెరుగుతుంది. వైన్‌లో ఆల్కహాల్ 15 శాతం దాకా వెళ్ళడం ఇక్కడ మామూలే. అంత వేడి నేలలో పులుపు నిలబెట్టే రకం ఇంకొకటి పక్కన లేకపోతే వైన్ మొద్దుగా తయారవుతుంది. ఈ కలపడమంతా ఈ నేల అవసరం కొద్దీ పుట్టిందని నాకు ఆ బల్ల దగ్గరే అర్థమైంది.

మధ్యాహ్నం ఎస్కలాదెయ్ వెళ్ళాం. మోంట్సాంత్ కొండగోడ కింద 1194లో కార్తూసియన్ సన్యాసులు (ఏకాంతంగా, మౌనంగా బతికే క్రైస్తవ సన్యాసులు) కట్టుకున్న మఠం అది. ఈ సీమలో వైన్ పనిని నిలబెట్టింది వాళ్ళే. చుట్టుపక్కల ఊళ్ళు మఠాధిపతి అయిన ప్రియర్ ఏలుబడిలో ఉండేవి కాబట్టి ప్రాంతానికి ప్రియొరాట్ అని పేరొచ్చింది. 1835లో ప్రభుత్వం మఠాల ఆస్తులు స్వాధీనం చేసుకుంది, ఆ గొడవల్లో మఠాన్ని దోచుకుని తగలబెట్టారు. ఇప్పుడున్నవి మొండిగోడలు, తిరిగి కట్టిన ఒక గది. ఆ గదిలో గోడకి చిన్న కిటికీ ఉంది. సన్యాసికి అన్నం అందులోంచే అందించేవారట, ఎదుటి మనిషి ముఖం కనబడకుండా.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫిలాక్సెరా వచ్చింది. పేనుబంకకి దగ్గరి చుట్టమైన ఈ పురుగు వేళ్ళని తినేస్తుంది. తోటలు పోయాయి, జనం వలస వెళ్ళారు. మిగిలినవాళ్ళు కరిన్యేనా ఎక్కువగా నాటుకుని, కాయ సొసైటీలకి పోసి, తక్కువ ధరకి బతుకీడ్చారు. 1989లో రెనే బార్బియే, ఆల్వారో పలాసియోస్, ఇంకొందరు మిత్రులు గ్రాతల్యోప్స్‌లో ఒకేచోట వైన్ చేసి వేరువేరు లేబుళ్ళతో అమ్మారు. ఆ వైన్ ప్రపంచం దృష్టిని ఇటు తిప్పింది. ఇవాళ స్పెయిన్‌లో వైన్‌కి అత్యున్నత హోదా ఉన్న ప్రాంతాలు రియోహా, ప్రియొరాట్ రెండే.

1989 నాటి ఆ మిత్రులకి దక్కాల్సిన పేరు దక్కింది, అందులో సందేహం లేదు. కానీ పొరెరా ఊరి పైన ముసలి కరిన్యేనా మొద్దుల మధ్య నడుస్తుంటే, గిట్టుబాటు లేని రోజుల్లో కూడా వీటిని పీకెయ్యకుండా ఉంచిన రైతుల గురించే ఎక్కువగా ఆలోచించాను. కొత్తగా వచ్చినవాళ్ళు కాబెర్నె, సిరా లాంటి ఫ్రెంచి రకాలు తెచ్చి కలిపారు. అలాంటివీ రుచి చూశాను, బాగానే ఉన్నాయి, అయితే అలాంటి వైన్ వేరేచోట కూడా దొరుకుతుంది. గర్నాచా, కరిన్యేనా మాత్రమే కలిపిన వైన్‌లో ఉన్న ఆ రాతి ఘాటు నాకు వాటిలో తగల్లేదు. ఇప్పుడు చాలామంది మళ్ళీ పాత రకాల వైపే తిరుగుతున్నారని విని నిజంగా సంతోషమేసింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: బార్సిలోనా నుంచి మార్సా-ఫల్సెత్ స్టేషన్‌కి రైలుంది, అక్కడినుంచి ఊళ్ళు తిరగాలంటే కారు ఉండాల్సిందే. చిన్న వైనరీలకి ముందే ఫోన్ చేసి టైమ్ తీసుకోండి. కోతల సమయంలో వాళ్ళకి తీరికుండదు. సియురానా ఆలివ్ నూనె ఒక డబ్బా కొనుక్కోండి, రొట్టె మీద టమాటా రుద్ది ఆ నూనె పోసి పెడితే భోజనం అయిపోయినట్టే. రాత్రి పొరెరాలోనే ఉండేలా చూసుకోండి. ఇళ్ళ గోడల మీద పాత సూర్య గడియారాలు తీరిగ్గా చూడొచ్చు, రుచి చూసినవాళ్ళు ఆ మలుపుల్లో కారు నడపాల్సిన పనీ ఉండదు.