తెలుగు, ఒడియా స్ట్రింగ్‌లు – ఆర్ క్లాసు ఎంతవరకు కాస్తుంది?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్ వాళ్ల కోసం చేసే యాప్‌కి తెలుగు, ఒడియా రెండూ కావాలి. ఆండ్రాయిడ్‌లో స్ట్రింగ్ (తెర మీద కనిపించే మాట) పేరును కొటేషన్లలో పెట్టి గెట్‌ఐడెంటిఫయర్ అనే ఫంక్షన్‌తో వెతక్కండి. ఒక్క అక్షరం తప్పినా బిల్డ్ అయిపోతుంది, ఫోన్‌లో మాత్రం 0, అంటే దొరకలేదని వస్తుంది. బిల్డ్‌లో దానంతటదే తయారయ్యే ఆర్ క్లాసులో ప్రతి స్ట్రింగ్‌కీ ఒక పేరుంటుంది; ఆర్.స్ట్రింగ్ ద్వారా పిలిస్తే ఆ తప్పు కంపైలర్ (కోడ్‌ను యాప్‌గా మార్చే ప్రోగ్రామ్) దగ్గరే ఆగుతుంది.

కానీ ఆర్ ఇచ్చేది ఉత్త పూర్ణాంకమే, స్ట్రింగ్ లోపల ఏముందో దానికి తెలియదు. తెలుగు ఫైల్లో బస్సు నంబరుకి పర్సెంట్ ఎస్ (అక్షరాలైనా పట్టే ఖాళీ) ఉండి, ఒడియా ఫైల్లో పొరపాటున పర్సెంట్ డి (పూర్ణాంకమే పట్టే ఖాళీ) పడిందనుకోండి. కంపైల్ అవుతుంది. "12ఎ" అనే స్ట్రింగ్ పంపగానే ఒడియా ఫోన్లలో మాత్రమే క్రాష్! తెలుగులోనే పరీక్షించేవాళ్లకి ఇది ఎప్పటికీ దొరకదు. కోడ్‌లో తప్పులు వెతికే లింట్ అనే టూల్‌లోని స్ట్రింగ్‌ఫార్మాట్‌మ్యాచెస్ తనిఖీ దీన్ని పట్టుకుంటుంది, దయచేసి దాన్ని ఆపేయకండి.

ఐఫోన్‌కైతే, ఆపిల్ యాప్‌లు తయారుచేసే టూల్ ఎక్స్‌కోడ్ 15 నుంచి బొమ్మలకి, రంగులకి ఆర్ క్లాసులో లాగే కోడ్‌లో వాడే పేర్లు వాటంతటవే తయారవుతాయి.