జున్ను జుట్టు పుస్తకం: షిట్జుతో పదిహేను నెలలు

రెండు వందల పేజీల రూళ్ళ నోటుబుక్కు. మొదట్లో మా షిట్జు జాతి కుక్కపిల్ల జున్ను బరువు రాసుకోడానికి కొన్నాను. తర్వాత దువ్వినప్పుడల్లా చేతికి ఏం తగిలిందో రాయడం అలవాటైంది. షిట్జుని పెంచేవాళ్ళకి, పెంచుదామనుకునేవాళ్ళకి పనికొస్తుందని అందులోంచి కొన్ని పేజీలు ఇక్కడ పెడుతున్నాను. మాది విజయవాడ, పటమట.

2024 మార్చి 17. బరువు 1.4 కిలోలు

జున్ను ఇంటికొచ్చింది. పదకొండు వారాల ఆడపిల్ల. తెల్లటి ఒళ్ళు, మీద తేనెరంగు మచ్చలు. తల్లిని కళ్ళారా చూశాకే తెచ్చుకున్నాం. అంతకుముందు ఒకచోట "టీకప్ షిట్జు" అని రెట్టింపు ధర చెప్పారు. అలాంటి జాతేమీ లేదు. పెద్దయిన షిట్జు నాలుగు నుంచి ఏడు కిలోల దాకా తూగుతుంది. అంతకన్నా మరీ చిన్నగా ఉందంటే ముద్దుపడడం కాదు, దాని ఆరోగ్యం గురించి అడగాలి.

రోజుకి నాలుగు పూటలు, కొద్దికొద్దిగా పెడుతున్నాం. ఇంత చిన్న పిల్ల ఒక పూట తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. వణికినా, తూలినా వేలితో కాస్త తేనె చిగుళ్ళకి రాసి వెంటనే బయల్దేరమన్నారు డాక్టరుగారు. తేనె సీసా వంటగదిలోంచి హాల్లోకి మారింది.

2024 ఏప్రిల్ 28. 2.1 కిలోలు

ముక్కు మీద వెంట్రుకలు పైకి, పక్కలకి లేస్తున్నాయి. మొహం అచ్చం విచ్చిన చేమంతిలా ఉంది. ఈ జాతి అందమే అది. కష్టమూ అదే. ఆ వెంట్రుకలు తిన్నగా కళ్ళలోకే పోతాయి.

దువ్వడం ఇప్పటినుంచే అలవాటు చేస్తున్నాను. ఒళ్ళో పడుకోబెట్టుకుని రెండు నిమిషాలు, అంతే. పాదాలు పట్టుకోవడం, చెవి ఎత్తడం, పెదవి పక్కకి లాగి పళ్ళు చూడడం. చిక్కులు లేని వయసులోనే ఇవన్నీ ఆటలా జరిగిపోవాలి.

సామాను మూడే: గుండ్రటి పిన్నుల బ్రష్షు, ఒకవైపు వెడల్పు పళ్ళు ఇంకోవైపు సన్నపళ్ళు ఉన్న స్టీలు దువ్వెన, ఒక పేలదువ్వెన. పొడి జుట్టు దువ్వితే తెగిపోతుంది. అందుకే 200 మిల్లీలీటర్ల నీళ్ళలో అర చెంచా కుక్కల కండిషనర్ కలిపి స్ప్రే సీసాలో పోసి పెట్టుకున్నాను. చల్లి, పాయ తీసి, చర్మం కనిపించాక కుదుళ్ళ దగ్గర్నుంచి దువ్వాలి. పైపైన దువ్వితే పైన పట్టులా ఉంటుంది, కింద ఉండలు కడుతుంది.

పొద్దున్నే మొహం పని. గోరువెచ్చని నీళ్ళలో తడిపిన దూది కంటి మూల మీద అర నిమిషం ఆనిస్తే ఎండిన పుసి మెత్తబడుతుంది. అప్పుడు పేలదువ్వెనని కంటికి ఎదురుగా కాకుండా ముక్కువైపు కిందికి లాగితే మొత్తం ఊడొస్తుంది. జున్ను ఆ అర నిమిషమూ గడ్డం నా అరచేతిలో పెట్టి కళ్ళు మూసుకుంటుంది. రోజు మొత్తంలో నాకు ఇష్టమైన పని ఇదే.

అత్తయ్య కొబ్బరినూనె రాయమన్నారు, కుంకుడురసంతో తలంటమన్నారు. నూనెకి దుమ్ము అంటుకుంటుంది, అదంతా నాకి మింగుతుంది. కుంకుడురసం మన కళ్ళలో పడితేనే ఎలా ఉంటుందో తెలుసు. దీని కళ్ళు ఉబ్బెత్తుగా బయటికే ఉంటాయి, రెప్ప పూర్తిగా కప్పదు. మన షాంపూ కూడా వద్దు. మన చర్మం కాస్త ఆమ్లంగా ఉంటుంది, కుక్కల చర్మం అలా ఉండదు. పది రోజులకోసారి కుక్కల షాంపూతోనే స్నానం.

2024 ఆగస్టు 4. 3.7 కిలోలు

పాలపళ్ళ కోరలు రెండూ ఊడలేదు. పక్కనే కొత్త కోరలు వచ్చేశాయి. చిన్న జాతుల్లో ఇది మామూలేనట. అలాగే వదిలేస్తే మధ్యలో తిండి ఇరుక్కుని చిగుళ్ళు పాడవుతాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎలాగూ ఉంది కాబట్టి ఒకే మత్తులో రెండు పనులూ చేయించాం. ముందు రక్తపరీక్ష. చప్పిడి ముక్కు కుక్కలకి మత్తు దిగేటప్పుడే శ్వాస కష్టమవుతుంది, పూర్తిగా లేచి కూర్చునేదాకా పక్కనే ఎవరైనా ఉంటారా అని అడిగి, ఉంటామన్నాకే ఒప్పుకున్నాం. పదిరోజులకి కుట్లు మానాయి.

2024 ఆగస్టు 25

ఎడమ చెవి వెనక పాయ తీస్తుంటే కందిగింజంత గట్టిగా తగిలింది. పిడుదు. కాలివేళ్ళ సందుల్లో ఇంకో రెండు. పొట్టి జుట్టు కుక్కకైతే గుమ్మంలోంచే కనిపించేవి. దీనికి చెయ్యి పెట్టి వెతికితే తప్ప తెలియదు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా పైకి లాగాను, నలపకుండా.

మెడ మీద వేసే పిడుదుల మందు వేసి పది రోజులే అయింది కదా అనుకున్నాను. నోట్సు వెనక్కి తిప్పితే తప్పు దొరికింది. మందు వేసిన మర్నాడే స్నానం చేయించాను. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం చేయించకూడదు. డబ్బా మీద రాసే ఉంది.

2024 సెప్టెంబర్ 12. 3.9 కిలోలు

ఈ నెల ఒకటిన బుడమేరు పొంగింది. సింగ్ నగర్ నుంచి మా ఆడపడుచు వాళ్ళు కట్టుబట్టలతో వచ్చారు. ఇల్లంతా మనుషులు, నేను నాలుగు రోజులు దువ్వెన పట్టలేదు. వరదనీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి లెప్టో అనే జబ్బు వస్తుందని జున్నుని గడప దాటనివ్వలేదు. దాని టీకా వేసే ఉంది, అయినా.

నిన్న పొద్దున అన్నం ముట్టలేదు. పడుకోబెట్టి పొట్ట దగ్గర జుట్టు విడదీశాను. చర్మం మీద సూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు, పది పన్నెండు. చిగుళ్ళు పాలిపోయాయి. జ్వరం 104 డిగ్రీల ఫారెన్‌హీట్. కుక్కలకి 101 నుంచి 102.5 దాకా మామూలే.

ప్లేట్‌లెట్లు 74 వేలు. రెండు లక్షలు దాటి ఉండాలి. పరీక్షలో ఎర్లీషియా అని వచ్చింది, అంటే పిడుదుల జ్వరం. డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులు. డాక్టరుగారు రెండు మాటలు నొక్కి చెప్పారు. మాత్ర ఖాళీ కడుపున, పొడిగా మింగించకూడదు, గొంతులో ఆగితే అక్కడే పుండు పడుతుంది. ఆ సమయానికి పాలు, పెరుగు వద్దు, మందు సరిగా ఒంటపట్టదు. రెండు ముద్దలు తిన్నాక మాత్ర, తర్వాత సిరంజితో నీళ్ళు. అలా సాగుతోంది.

2024 అక్టోబర్ 10. 4.3 కిలోలు

28 రోజులు పూర్తి. మూడో రోజుకే హుషారొచ్చింది, చాలామంది అక్కడే మందు ఆపేస్తారట. మేం ఆపలేదు. ప్లేట్‌లెట్లు 2.8 లక్షలు. పిడుదులకి ఇక మెడ మందు కాదు, పన్నెండు వారాలకోసారి ఇచ్చే మాత్ర. తేదీ క్యాలెండర్‌లో ఎర్ర ఇంకుతో వేశాను.

2024 డిసెంబర్ 1. 4.9 కిలోలు

పదకొండో నెల. పిల్లజుట్టు పోయి పెద్దజుట్టు వస్తోంది. ఈ సంగతి ముందు తెలిసి ఉంటే బాగుండేది. రాలిన మెత్తటి వెంట్రుక కింద పడదు, కొత్త వెంట్రుకల్లో చిక్కుకుని అక్కడే జడ కడుతుంది. రాత్రి నున్నగా దువ్వి పడుకుంటే పొద్దున్నకి చంకల్లో రేగుపండంత ఉండ. పది నిమిషాల పని నలభై నిమిషాలైంది.

ఉండ విప్పే పద్ధతి నెలరోజుల్లో చేతికొచ్చింది. తడపకూడదు, తడిస్తే బిగుసుకుంటుంది. కాస్త మొక్కజొన్న పిండి చల్లాలి, వెంట్రుకలు జారతాయి. చర్మానికీ ఉండకీ మధ్య ఎడమచేతి వేళ్ళు పెట్టి పట్టుకోవాలి, అప్పుడు లాగుడు నా వేళ్ళ మీద పడుతుంది గానీ దాని చర్మం మీద పడదు. ఆ తర్వాత దూది విడదీసినట్టు, అంచు నుంచి నాలుగేసి వెంట్రుకలు లాగుతూ రావాలి. చివర్న స్టీలు దువ్వెన కొస. కత్తెర పెట్టాల్సే వస్తే అడ్డంగా వద్దు. ఉండతో పాటు చర్మం కూడా పైకి లేచి ఉంటుంది, తెగుతుంది. దువ్వెనని చర్మానికి ఆనించి దాని పైన కత్తిరించాలి.

ఎక్కువ ఉండలు పట్టెడ కిందే పడుతున్నాయి. ఇంట్లో పట్టెడ తీసేశాను. బయటికెళ్ళేటప్పుడు ఛాతీకి వేసే పట్టీ మాత్రమే. షిట్జు మెడ పట్టుకుని లాగడం ఊపిరికీ మంచిది కాదు, కళ్ళకీ మంచిది కాదు.

2025 జనవరి 12. 5.2 కిలోలు

ఈ పేజీ రాయడానికి చెయ్యి రావడం లేదు.

పండక్కి నీటుగా ఉంటుందని నిన్న ఒక గ్రూమింగ్ షాపులో ఇచ్చాను. సాయంత్రం తెచ్చుకునేసరికి ఎడమకన్ను సగం మూసుకుని నీళ్ళు కారుతున్నాయి. షాంపూ పడిందో, డ్రయ్యర్ గాలి తిన్నగా తగిలిందో. అడిగితే "అలసిపోయిందండీ" అన్నారు. ముందుకాలితో రుద్దుకుంటోంది. రాత్రి తొమ్మిదైంది, ఆదివారం దాకా ఆగాలి. అత్తయ్యకి శుక్లాల ఆపరేషన్ అప్పటి చుక్కల మందు ఫ్రిజ్‌లో ఉంది. కంటిమందే కదా అని ఒక్క చుక్క వేశాను.

పొద్దున డాక్టరుగారు ఆ సీసా చూసి కుర్చీలోంచి లేచారు. అందులో స్టెరాయిడ్ ఉంది. కంటిపొర మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే పుండు మానదు, లోతుకి దిగుతుంది, కన్నే పోవచ్చు. కంట్లో నారింజరంగు చుక్క వేసి, గది చీకటి చేసి, నీలిలైటు పెట్టారు. నల్లగుడ్డు మీద ఆవగింజంత మచ్చ పచ్చగా వెలిగింది. పొర లేచిపోయిన చోట మాత్రమే ఆ రంగు అంటుకుంటుందట. ఆ పచ్చచుక్క ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

లోతుకి పోలేదు. మూడు గంటలకోసారి యాంటీబయాటిక్ చుక్కలు, రాత్రి కూడా. గోకకుండా మెడ చుట్టూ గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ. మా ఆయన, నేను అలారాలు పంచుకున్నాం.

షిట్జు కన్ను చికిలించిందంటే తెల్లారేదాకా ఆగకండి, దొరికిన డాక్టరుకి ఫోను చెయ్యండి. ఇంట్లో ఉన్న ఏ చుక్కా వెయ్యకండి.

2025 జనవరి 20

మళ్ళీ రంగు వేసి చూశారు. అంటుకోలేదు. మానింది.

కన్నీళ్ళు సరిపోతున్నాయా అని రెప్ప సందులో సన్నటి కాగితం ముక్క పెట్టి నిమిషంలో ఎంత మేర తడిసిందో కొలిచారు. 15 మిల్లీమీటర్లు దాటాలి. కుడి 17, ఎడమ 11. పది కన్నా తగ్గితే కన్ను ఎండిపోయే జబ్బు, జీవితాంతం మందు. ఇంకా అంత రాలేదు, పుండు వల్ల కూడా కావచ్చు. రోజుకి మూడుసార్లు కన్నీటి జెల్ వేసి మళ్ళీ చూద్దామన్నారు.

గ్రూమింగ్ షాపు మానేశాను. మొహం చుట్టూ ఇక నేనే, మొద్దుకొసల కత్తెరతో. నడినెత్తిన పిలక సన్నటి రబ్బరుతో, బిగించకుండా. రెప్పలు పైకి లాగినట్టు కనిపిస్తే విప్పేసి మళ్ళీ కట్టాలి.

2025 ఏప్రిల్ 27. 5.9 కిలోలు

మూడు నెలల్లో ఏడొందల గ్రాములు. జుట్టు కింద కనిపించలేదు, దువ్వుతుంటే పక్కటెముకలు వేళ్ళకి తగలడం మానేశాయి. ఆరా తీస్తే మధ్యాహ్నం కాఫీ వేళ అత్తయ్య నాలుగు మారీ బిస్కెట్లు పెడుతున్నారు. ఒక్కోటి పాతిక కేలరీలు. దీనికి రోజు మొత్తానికీ కావలసింది 350. అలా లెక్క చెప్తే ఆవిడ వెంటనే అర్థం చేసుకున్నారు. ఇప్పుడు బిస్కెట్టు బదులు కీరదోస ముక్కలు. పొడి తిండి తూచి రోజుకి 85 గ్రాములు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, చాక్లెట్ దీనికి విషమని ఫ్రిజ్ మీద రాసి అంటించాను. మా పిల్లాడి సేమ్యా పాయసంలో కిస్‌మిస్ ఉంటాయని మొదట నాకూ తట్టలేదు.

ఎండ నలభైకి అటూఇటూ, పైన కృష్ణ ఒడ్డు ఉక్కపోత. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దారి. చప్పిడి ముక్కుతో రొప్పడం కూడా సరిగా కుదరదు. నడక పొద్దున ఐదున్నరకే, సాయంత్రం లేదు. నాలుక ఊదారంగుకి తిరిగి, చొంగ జిగటగా సాగితే నీడలోకి తెచ్చి మామూలు కుళాయినీళ్ళతో పొట్ట, తొడలు తడిపి ఫ్యాను కింద పెట్టి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

జుట్టు అంగుళం ఉంచి కత్తిరించాను. గుండు మాత్రం గీయించలేదు, ఎండ తిన్నగా చర్మానికి తగులుతుంది. పొడుగుజుట్టు పోతుందంటే పిల్లాడు ఏడ్చాడు. నాకూ బాధగానే ఉంది, ఏడాది పెంచిన జుట్టు. కానీ ఆ మధ్యాహ్నం జున్ను చల్లటి గచ్చు మీద పొట్ట ఆనించి కాళ్ళు వెనక్కి చాపి రెండు గంటలు కదలకుండా నిద్రపోయింది.

2025 జూన్ 8. 5.4 కిలోలు

పక్కటెముకలు మళ్ళీ తగులుతున్నాయి. చెవులు శుభ్రం, వాసన లేదు. పిడుదుల మాత్ర నిన్న వేశాను. కాగితం పరీక్ష: కుడి 18, ఎడమ 14. జెల్ రోజుకి రెండుసార్లకి తగ్గించమన్నారు, ఆగస్టులో మళ్ళీ కొలుస్తారు. ఈ పొద్దున కూడా దూది తీసేసరికి గడ్డం తెచ్చి నా అరచేతిలో పెట్టింది.