మోకాళ్ల దాకా సముద్రం

"పొద్దస్తమానం సముద్రం నీళ్లతోనే నీ పని. దిగమంటే మాత్రం ప్యాంటు మడుచుకుని ఒడ్డునే నిలబడతావేం?" అని మా ఇంటి ఓనరు ముసలావిడ నలుగురిలో అనేసింది. ఆ నలుగురూ ఆవిడ ఈడువాళ్లే. జుట్టులోంచి నీళ్లు కారుతుండగా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల చురుక్కుమంది.

మాది నరసాపురం పక్కన. వియత్నాంలో న్హా ట్రాంగ్ దగ్గర రొయ్యల హేచరీలో ఉద్యోగం. మోటార్లు తోడిన సముద్రం నీళ్లను వడకట్టించి, ఉప్పు శాతం చూసి, ట్యాంకుల్లోకి వదిలించడం నా డ్యూటీ. కాబట్టి ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు.

ఇక్కడ తెల్లవారుజామున ఐదింటికే బీచ్ వెంట ఉన్న ట్రాన్ ఫూ రోడ్డు పొడవునా స్కూటర్లు బారులు తీరతాయి. తాతలు, మామ్మలు ఒళ్లు విరుచుకుని నీళ్లలోకి నడుచుకుంటూ పోతారు. కాస్త ఈది, మెడ లోతులో నిలబడి కబుర్లు మొదలెడతారు. నాకొచ్చిన కాస్త భాషలో అర్థమైనంత వరకు కూరగాయల రేట్లు, కోడళ్ల మీద ఫిర్యాదులు. ఎండెక్కేసరికి ఊరివాళ్లెవరూ అక్కడ ఉండరు. టూరిస్టులు వచ్చి ఎండలో పడుకునే వేళకి ఈ ఊరి ఆడవాళ్లు మాస్కు, గ్లౌజులు, పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, ఎండ పొడ తగలకుండా స్కూటర్ల మీద పోతుంటారు.

మనకు సముద్రం తెలియదా? తెలుసు కాబట్టే దండం పెట్టి, నెత్తిన నాలుగు చుక్కలు జల్లుకుని వెనక్కి వస్తాం. కార్తీకమాసం ఆదివారాల్లో పేరుపాలెం బీచ్‌లో పోలీసులు మైకుల్లో అరుస్తూనే ఉంటారు, అయినా ఎవరో ఒకరి పిల్లాడు పోయాడన్న వార్త వింటూనే ఉంటాం. "ఈతొచ్చినవాడే పోతాడు" అని అమ్మ పెంచిన భయం ఊరికే వచ్చింది కాదు. ఇక్కడ ఎదురుగా హోన్ ట్రే అనే పెద్ద దీవి, దాని చుట్టూ చిన్న చిన్న దీవులు అలల జోరును చాలా వరకు ఆపేస్తాయి. మన తీరానికి ఆ అడ్డు ఏది? ఇక్కడ మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సముద్రం పోట్లెత్తితే ఎర్ర జెండాలు పాతరా?

ఇదంతా ఆవిడకి చెప్పాను. ఆవిడ తల తుడుచుకుంటూ "మీ అమ్మ ఈదుతుందా?" అంది.

అమ్మది ఇంచుమించు ఆవిడ వయసే. పుట్టిందీ మెట్టిందీ సముద్రానికి దగ్గర్లోనే. అంతర్వేది తీర్థానికి వెళ్తే చీరతోనే మునుగుతుంది. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుని అడుగు పడనివ్వదు. ఒడ్డుకొచ్చాక ఇద్దరు ఆడవాళ్లు దుప్పటి అడ్డం పట్టుకుంటే దాని వెనక గబగబా మార్చుకోవాలి. ఆ హడావుడిలో ఈత ఎక్కడ? భయం సంగతి గడగడా చెప్పగలిగాను గానీ ఇది ఆవిడకి వివరించబుద్ధి కాలేదు. మా ఇంటి గుట్టు బయట పెడుతున్నట్టనిపించింది.

వేసవికి మావాళ్లు వస్తామంటున్నారు. చూపించడానికి లోటు లేదు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చాం రాజులు 7 నుంచి 12 శతాబ్దాల మధ్య ఇటుకలతో కట్టిన పో నగర్ గుళ్లు ఉన్నాయి. లోపల పది చేతుల అమ్మవారు. మన భగవతే, కాకపోతే ఇక్కడి ఆడవాళ్లు తమ పద్ధతిలో బట్టలు కట్టి, అగరుబత్తులు వెలిగించి మొక్కుతారు. ఈ ఊరి దగ్గరే పాత సంస్కృత శాసనం కూడా దొరికింది. 1894లో ప్లేగు క్రిమిని కనిపెట్టిన యెర్సిన్ 1943లో చనిపోయే దాకా ఉన్నది ఈ ఊళ్లోనే, ఆయన మ్యూజియం బీచ్ రోడ్డు మీదే ఉంది. సముద్ర పరిశోధన సంస్థలో తిమింగలం అస్థిపంజరం నాకు ఇష్టం, పిల్లలకీ నచ్చుతుంది. హోన్ ట్రేకి సముద్రం మీదుగా మూడు కిలోమీటర్లకు పైగా కేబుల్ కారుంది. టికెట్టు ఖరీదే, అయినా మా బావగారు అది ఎక్కకుండా వెనక్కి వెళ్లరు.

మొన్న తెల్లవారుజామున వీడియో కాల్‌లో అమ్మకి బీచ్ చూపించాను. ఓనరు మామ్మ మెడ లోతు నీళ్లలోంచి చెయ్యూపింది. అమ్మ కాసేపు చూసి, "ఇంత పొద్దున్నే ఇంతమంది ఆడవాళ్లు నీళ్లలో ఉంటే ఇళ్లలో టిఫిన్లు ఎవరు చేస్తార్రా?" అంది.

"ఎవరూ చెయ్యరమ్మా. వీధి చివర బండి దగ్గర మన గుంత పొంగణాల్లాంటివి తింటారు, బాన్ కాన్ అని. లేకపోతే చేప ముక్కల నూడుల్స్ తిని ఇంటికెళ్తారు."

"అదీ సంగతి. మా ఇంట్లో ఆ బండి పెట్టించు, నేనూ ఈదుతా" అంది అమ్మ.