‘అనుకూలం కొనండి’

యాప్‌లలో కనిపించే మాటలను తెలుగులోకి మార్చడం నా పని. మాటలన్నీ ఎక్సెల్ షీట్‌లో వస్తాయి. ఏ మాట ఏ స్క్రీన్ మీద, ఏ బటన్ మీద కూర్చుంటుందో చాలాసార్లు చెప్పరు. ఆమధ్య వచ్చిన షీట్‌లో ఒక గడిలో ఒకే ఒక్క మాట ఉంది: ప్రో. దాని పైగడిలోనూ కిందిగడిలోనూ ఓటింగ్ గురించి ఏదో ఉంది. ఇదేదో ‘ప్రోస్ అండ్ కాన్స్’లోని ప్రో అయ్యుంటుందిలే అనుకుని ‘అనుకూలం’ అని రాసి పంపేశాను. వారం తర్వాత స్క్రీన్‌షాట్ వచ్చింది. డబ్బు కట్టే పేజీలో పెద్ద పసుపు బటన్, దాని మీద ‘అనుకూలం కొనండి’. డబ్బు కట్టి తీసుకునే ‘ప్రో’ వెర్షన్ అన్నమాట అది.

ముందు నవ్వొచ్చింది, టెన్షన్ తర్వాత వచ్చింది. సరిచేసి పంపేశాను గానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఇంగ్లిష్‌లో మూడక్షరాలు, మనకు ఒక్క అక్షరం. ఇంత చిన్నదానికి ఇన్ని అవతారాలెందుకు?

లాటిన్‌లో ‘ప్రో’ విడిగానూ నిలబడుతుంది, వేరే మాట ముందు అతుక్కునీ ఉంటుంది. నిఘంటువు తీస్తే అర్థాలు బారెడు: ఎదుట, తరఫున, బదులు, కోసం, చొప్పున. (తెలుగులో ఇవన్నీ మాట వెనక చేరేవే. లాటిన్‌వాళ్ళు ముందు పెట్టారు.) మొదట చూస్తే ఒకదానితో ఒకటి పొంతన లేనట్టే ఉంటాయి. ఒక మనిషి నా ముందుకొచ్చి నిలబడ్డాడనుకోండి. ఎవరైనా నాతో గొడవకొస్తే మాట్లాడేది అతనే, అంటే నా తరఫున ఉన్నాడు. నేను అతని వెనక అసలు కనిపించడమే లేదు, అంటే నాకు బదులు ఉన్నాడు. ఇలా చూస్తే ‘ఎదుట’ నుంచి ‘బదులు’ దాకా దారి దొరికింది నాకు.

పాత రోమ్‌లో కాన్సుల్ అనే పెద్ద అధికారికి బదులుగా, అతని అధికారంతో బయటి ప్రాంతాలను ఏలినవాడు ప్రోకాన్సుల్. నామవాచకానికి బదులు వచ్చేది ప్రోనౌన్. ప్రో రేటా అంటే లెక్క ప్రకారం ఎవరి వాటా చొప్పున వాళ్ళకు, మన దామాషా. ప్రో ఫార్మా అంటే రూపం కోసం, పద్ధతి కోసం అని అర్థం. మన ‘మొక్కుబడిగా’కు దగ్గర. మనం నింపే ప్రొఫార్మాలు చాలావరకు ఆ పేరుకు న్యాయం చేస్తూనే ఉన్నాయి.

నాకు బాగా తగిలింది ‘క్విడ్ ప్రో కో’. ఇప్పుడు ‘నువ్వు నాకిది చెయ్యి, నేను నీకది చేస్తాను’ అనే బేరానికి వాడతారు. 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు అది మందులు అమ్మేవాళ్ళ మాట. ఒక మందుకు బదులు ఇంకో మందు ఇవ్వడం, కావాలనో పొరపాటునో. నేను ఆ గడిలో చేసిన పని సరిగ్గా అదే.

మరి బటన్ మీది ప్రో సంగతి? అది ప్రొఫెషనల్‌కు తోకలు కత్తిరించగా మిగిలిన తల. ప్రొఫెషనల్ మూలంలో ఉన్న లాటిన్ క్రియకు ‘నలుగురి ఎదుట చెప్పడం’ అని అర్థం. ఇంగ్లిష్‌లో ప్రొఫెషన్ అంటే మొదట్లో మఠంలో చేరేవాళ్ళు చేసే ప్రమాణం. ‘నాకీ విద్య వచ్చు’ అని పదిమంది ముందు చెప్పుకోవడం తర్వాతి సంగతి. ప్రొఫెసర్ కూడా ఆ తీగకు కాసినవాడే. అంటే రెండు ప్రోలకూ వేరు ఒకటే, పెరిగిన కొమ్మలు వేరు. ఈ మాట క్లయింట్‌కు చెప్పి తప్పించుకోవచ్చని ఒక్క క్షణం అనిపించింది కూడా.

మాట ముందు అతుక్కున్నప్పుడు ప్రోకు ఎక్కువగా ‘ముందుకు’ అనే అర్థం వస్తుంది. ప్రోగ్రెస్ ముందుకు వేసిన అడుగు. ప్రాజెక్ట్ ముందుకు విసిరినది. తమాషా ఏమిటంటే గ్రీకులో ఇలాంటిదే ఇంకో ‘ప్రో’ ఉంది, దాన్నుంచి వచ్చిన ప్రాబ్లమ్‌కు కూడా మూలార్థం ముందుకు విసిరినదనే. ప్రాజెక్ట్‌కూ ప్రాబ్లమ్‌కూ తేడా లేదని నాలాంటివాళ్ళకు ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడిదాకా వచ్చాక మన ‘ప్ర’ గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? స్కూల్లో బట్టీపట్టిన 22 ఉపసర్గల్లో మొదటిది ప్ర. దానితో మొదలవుతాయి కనుకే పాణిని వాటిని ‘ప్రాదులు’ అన్నాడు. లాటిన్ ప్రో, గ్రీకు ప్రో, సంస్కృతం ప్ర, మూడూ ఒక తల్లి పిల్లలే. అలాగని పోలిక కనిపించిన ప్రతి జంటనూ నమ్మడానికి లేదు. ప్రగతి, ప్రోగ్రెస్‌లలో ప్ర, ప్రోలు చుట్టాలే గానీ వెనక భాగాలు వేరు ధాతువులవి. ప్రజ, ప్రొజెనీ (సంతానం) మాత్రం రెండు ముక్కలూ కలిసే జంట. ప్రజ అంటే సంస్కృతంలో మొదట సంతానం, ఆ తర్వాతే జనం. ప్రజ్ఞ, ప్రోగ్నోసిస్ (జబ్బు ఎటు పోతుందో ముందే అంచనా కట్టడం) కూడా అంతే.

ఇంతకన్నా ముచ్చటైనది ఇంకొకటుంది. మునిమనవణ్ణి లాటిన్‌లో ‘ప్రోనెపోస్’ అంటారు. ఋగ్వేదంలో ‘ప్రణపాత్’ అనే మాట ఉంది, అర్థం మునిమనవడే. రెండిటినీ పక్కపక్కన పెట్టి పైకి చదివాను, రెండు మూడుసార్లు. మనవడు అనే అర్థమున్న ఆ నెపోస్ నుంచే నెపోటిజం (బంధుప్రీతి) కూడా వచ్చింది. మనవడికీ మేనల్లుడికీ ఒకే మాట సరిపెట్టుకున్నారు తర్వాతివాళ్ళు.

ప్రోటీన్, ప్రోటాన్‌లను ఈ పంక్తిలో కూర్చోబెట్టకండి. అవి ‘మొదటి’ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చాయి. దూరపు చుట్టరికం ఉంది, మన ‘ప్రథమ’కూ ఉంది, అంతవరకే.

చివరికి ఆ గడిలో తెలుగు లిపిలో ‘ప్రో’ అనే రాశాను. నిన్న అదే యాప్ నుంచి కొత్త షీట్ వచ్చింది. నలభై మూడో వరసలో ఒంటరిగా ‘కాన్’. ‘కాంట్రా’ను కత్తిరించిన కాన్ కావచ్చు, మోసగాళ్ళ కాన్ కావచ్చు, ఏదో కన్వెన్షన్‌కు ముద్దుపేరూ కావచ్చు. గడి ఖాళీగా వదిలి స్క్రీన్‌షాట్ పంపమని అడిగాను. ఇంకా జవాబు లేదు.